అల్లుడికి: ఆ పాత ఇంజనుకు అప్పుడే నిప్పు పెట్టొద్దు

కొర్లగుంట, తిరుపతి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ చేతికొచ్చిన ఆ పాత బొమ్మ రైలింజను, గ్యాసు మంటతో నీళ్లు కాచి నిజం ఆవిరితో నడిచేది, దాని ఫోటోలు రాత్రి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. 45 మిల్లీమీటర్ల ఎడం ఉన్న పట్టాల మీద నడిచే బండి అది. మీటరు ఎడం ఉండే మీటరు గేజి పట్టాల్లో సుమారు ఇరవై రెండో వంతు. పాకాల జంక్షన్‌లో మీటరు గేజి ఆవిరి బండ్లు చూస్తూ పెరిగినవాణ్ణి, నాకెంత సంబరమో నీకు తెలుసు. అయినా ఆదివారమే చిత్తూరులో మీ మిద్దె మీద నడిపిస్తానన్నావే, అది మాత్రం వద్దు. రంగు సంగతి కూడా ఇప్పుడు మర్చిపో. ముందు బాయిలర్, అంటే నీళ్లు మరిగి ఆవిరయ్యే డబ్బా, చూడాలి.

దాని ముందు యజమాని ఎట్లా వాడాడో మనకు తెలియదు. కుళాయిలు బిగించిన తావుల్లో, అడుగున, ఎక్కడైనా బూడిదరంగు మాటు, అంటే కరిగించి అతుకు వేసిన లోహం, కనిపిస్తుందేమో టార్చి వేసి చూడు. మంచి బాయిలర్‌కు వెండి మాటు వేస్తారు, అది 600 డిగ్రీలు దాటితేగానీ కరగదు. సీసం, తగరం కలిపిన మామూలు మాటు 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది. చదరపు అంగుళానికి 40 పౌండ్ల ప్రెషర్‌లో ఆవిరి వేడి దాదాపు 140 డిగ్రీలు. అందుకే నీళ్లున్నంతసేపు మామూలు మాటు కూడా నిలిచినట్టే ఉంటుంది. నీళ్లు అయిపోతే మంట తగిలే రాగి గొట్టం ఎంత వేడెక్కుతుందో చెప్పలేం. నా మొదటి ఇంజనుకు జరిగింది అదే. నీళ్లు పొయ్యకుండా రెండోసారి గ్యాసు నింపాను. ఎవరో వేసిన అతుకు కరిగి, ఆవిరి బుస్సుమని నా ముంజేతి మీదికి వచ్చింది. ఆ మచ్చ నువ్వు చిన్నప్పుడు అడిగేవాడివి. అట్లాంటి మాటు కనిపిస్తే బాయిలర్ విప్పి పక్కన పెట్టు.

మాటు బాగుంటే, తర్వాత చన్నీళ్ల పరీక్ష. ప్రెషర్ ఎక్కువైతే ఆవిరి వదిలేసే సేఫ్టీ వాల్వు తీసి ఆ రంధ్రానికి బిరడా బిగించి, బాయిలర్ నిండా నీళ్లు పొయ్యాలి. లోపల గాలి బుడగ మిగలకూడదు. బండి నడిచేటప్పుడు ఉండే ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు చేతిపంపుతో ఎక్కించాలి. నీదానికి 40 అయితే 60. ఇరవై నిమిషాలు ప్రెషర్ చూపే గేజి ముల్లు కదలకుండా నిలవాలి. గాలితో ఈ పరీక్ష ఎప్పుడూ చెయ్యొద్దు. నీళ్లు ఎంత నొక్కినా కుంచించుకోవు, కాబట్టి అతుకు విడిచినా రెండు చుక్కలు చిమ్మి ప్రెషర్ పడిపోతుంది. గాలి అట్లా కాదు, నొక్కేకొద్దీ కుంచించుకుని ఒక్కసారిగా పేలుతుంది.

లోపల సున్నం పొర ఉంటే నిమ్మఉప్పు గోరువెచ్చటి నీళ్లలో కలిపి పోసి, కొన్ని గంటలుంచి, రెండు మూడుసార్లు కడుగు. ఆ తర్వాత బోరు నీళ్లు పొయ్యొద్దు. మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగు చూస్తే కారణం నీకే తెలుస్తుంది. కార్తీకం వానల్లో మొదటి జల్లు వదిలేసి, తర్వాతి నీళ్లు గుడ్డలో వడగట్టి నేను క్యాన్లకు పట్టుకుంటాను. నీకూ ఒక క్యాను ఇస్తా.

రబ్బరు రింగులన్నీ మార్చెయ్, పాతవి గట్టిపడి ఉంటాయి. మంటకు గ్యాసు వదిలే సన్న రంధ్రం, గ్యాసు జెట్టు, పూడిపోయి ఉంటే సూది పెట్టి పొడవొద్దు, రంధ్రం పెద్దదైతే మంట కుదరదు. పెట్రోలులో నానబెట్టి వెనకనుంచి గాలి ఊదు.

నూనె గురించి ఎక్కువ చెప్పాలి, చాలామంది ఇక్కడే, సిలిండర్లలో ఆవిరి తోస్తే కదిలే పిస్టన్లు పాడుచేస్తారు. క్యాబులో, అంటే డ్రైవరు నిలబడే గదిలో, చిన్న నూనె డబ్బా ఉంటుంది. అందులోకి కొంచెం ఆవిరి వెళ్లి చల్లబడి నీరై అడుగుకు చేరుతుంది, పైకి తేలిన నూనె, ఆవిరి పోయే గొట్టంలోకి చేరి పిస్టన్లకు అందుతుంది. కాబట్టి ప్రతి నడక తర్వాత ఆ నీళ్లు తీసేసి మళ్లీ నిండా నూనె నింపాలి. స్టీమ్ సిలిండర్ ఆయిల్ అని అడిగి కొను. కారు ఆయిల్ పోస్తే నీళ్లతో కలిసి మజ్జిగలా అవుతుంది. ఇరుసులకు, కడ్డీలకు కుట్టుమిషన్ నూనె చాలు.

నడిపే రోజు బాయిలర్‌లో ముప్పాతిక వంతు నీళ్లు చాలు, ఆవిరికి చోటుండాలి. గ్యాసు నింపినప్పుడల్లా నీళ్లూ నింపు. నీళ్లకంటే గ్యాసే ముందు అయిపోవాలి. గ్యాసు నింపేటప్పుడు దగ్గర్లో దీపం కూడా ఉండకూడదు. మొదట పిస్టన్లుండే సిలిండర్లు చల్లగా ఉంటాయి కాబట్టి లోపల నీళ్లు చేరి ఇంజను బిగుసుకుంటుంది. గ్లోవు వేసుకుని ముందుకూ వెనక్కీ మెల్లగా తోస్తే నీళ్లు వెళ్లిపోతాయి. ఎండలో గ్యాసు ప్రెషర్ పెరిగి మంట అరుస్తుంది, అందుకే తెల్లవారుజామునే నడుపు. ధనుర్మాసంలో అయితే చలికి ఆవిరి తెల్లగా, మందంగా లేస్తుంది. అది చూడటానికే నేను ఏడాదంతా ఎదురుచూస్తాను.

ఇంకొకటి. మిద్దె చదునుగా కనిపిస్తుంది గానీ వాన నీళ్లు గొట్టం వైపు పోవడానికి వాటం ఉంటుంది. పల్లం వైపు బండి పరుగెత్తి పట్టాలు తప్పుతుంది. పట్టాల కింద చెక్కముక్కలు పెట్టి, రసమట్టంతో సరిచూసుకో.

పంపు, గేజి నా దగ్గరున్నాయి. ఆదివారం పొద్దున బస్సెక్కి బాయిలర్ తీసుకుని రా. గ్యాసు డబ్బా మాత్రం ఇంట్లోనే పెట్టి రా.

మీ మామయ్య