పేటెంట్ క్విజ్‌లో మార్కులు దేనికి వేయాలి?

ప్రశ్న: మా ఫార్మసీ కాలేజీలో పేటెంట్ చట్టాన్ని క్విజ్ ఆటగా చెబుతున్నాను. క్లాసులో 60 మంది. ఫోన్లలో నాలుగు ఆప్షన్ల ప్రశ్నలిస్తే పోటీపడి నొక్కేస్తున్నారు. కానీ ఏదైనా ఆవిష్కరణ చూపించి దీనికి పేటెంట్ ఎందుకు రాదంటే నోరు మెదపరు. ఆట ఎలా మార్చాలి?
– ఒక అధ్యాపకురాలు, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: లోపం పిల్లల్లో లేదు, మార్కులు వేసే పద్ధతిలో ఉంది. ముందు నొక్కినవారికే ఎక్కువ పాయింట్లంటే ఆలోచించేవాళ్లు వెనకబడతారు. పైగా 'వస్తుందా, రాదా' అంటే కళ్లు మూసుకుని చెప్పినా సగం సార్లు తగులుతుంది. జవాబుకు 1, కారణానికి 3 మార్కులు పెట్టండి. సెక్షన్ నంబరుకు ఏమీ వద్దు. చట్టం కాపీ బల్ల మీదే ఉంచి చూసుకోనివ్వండి. ఫోన్లు సంచుల్లోకి వెళ్లాలి.

ఐదుగురేసి 12 జట్లు. 50 నిమిషాల పీరియడ్‌లో ఆరు కార్డులకు మించితే హడావుడే. కార్డుకు 3 నిమిషాలు చర్చ, కారణం రెండు వాక్యాల్లో రాయడానికి 1 నిమిషం, చదివి వాదించుకోవడానికి 3. అందరూ కాగితాలు ఒకేసారి ఎత్తాలి, లేకపోతే పక్క జట్టును చూసి దిద్దుకుంటారు. ఒక జట్టు చదివాక ఇంకో జట్టు అభ్యంతరం చెప్పవచ్చు: నిలిస్తే 2 మార్కులు, వీగిపోతే 1 కోత. కోత లేకపోతే ప్రతిదానికీ చేతులు లేస్తాయి. చట్టంలోనూ సెక్షన్ 25(1) కింద దరఖాస్తు ప్రచురితమయ్యాక, పేటెంట్ మంజూరు కాకముందు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు.

కార్డులు మీ సబ్జెక్టు నుంచే తీయండి. విరిగిన ఎముకకు కట్టే నల్లేరు ముద్దను అలాగే ట్యూబులో నింపితే? రాదు, సెక్షన్ 3(పి), సంప్రదాయ జ్ఞానం. క్యాన్సర్ మందు ఇమాటినిబ్ మెసిలేట్ (గ్లివెక్) బీటా స్ఫటిక రూపం, బయోఅవైలబిలిటీ (రక్తంలోకి చేరే మోతాదు) 30 శాతం ఎక్కువ, పేటెంట్ వస్తుందా? చాలామంది వస్తుందంటారు. తెలిసిన పదార్థపు కొత్త రూపాల గురించి చెప్పే సెక్షన్ 3(డి)కి అది చాలదు, రోగం నయం చేసే గుణం పెరిగినట్టు చూపాలని 2013లో గ్లివెక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకొకటి: ఫిబ్రవరిలో కాలేజీ ప్రదర్శనలో పరికరం పనితీరు అందరికీ వివరించి, ఏప్రిల్‌లో దరఖాస్తు. కొత్తదనం పోయినట్టే, సెక్షన్ 31లోని 12 నెలల వెసులుబాటు ఏ ప్రదర్శనకు పడితే ఆ ప్రదర్శనకు వర్తించదు, కేంద్రం గెజిట్‌లో ప్రకటించినదై ఉండాలి. మన ఊరి మందుల కంపెనీ నాట్కోను వదలకండి. 2012లో క్యాన్సర్ మందు సొరాఫెనిబ్ మీద దేశంలో తొలి కంపల్సరీ లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా తయారుచేసుకునే అనుమతి) వాళ్లదే. నెలకు సుమారు 2.8 లక్షల మందు 9 వేల లోపుకు వచ్చింది. అడగాల్సింది ఈ ధరల అంకెలు కాదు, ఆ లైసెన్సు ఇవ్వడానికి సెక్షన్ 84లో ఉన్న మూడు కారణాలు. పేటెంట్ మంజూరై మూడేళ్లు నిండాలన్న షరతు కూడా.

కార్డులో తేదీలు, ఎవరికి ఎప్పుడు తెలిసిందీ తప్పక రాయండి. అవి లేకపోతే రెండు జవాబులూ ఒప్పే అవుతాయి, తీర్పు చెప్పలేక మీరే ఇరుక్కుంటారు.

ప్రశ్న: పాత గైడ్లలోని ప్రశ్నలు వాడుకోవచ్చా?

జవాబు: గడువుల ప్రశ్నలు సరిచూడకుండా వద్దు. దరఖాస్తు పరీక్షణ (పేటెంట్ ఆఫీసు దాన్ని పరిశీలించడం) కోరడానికి 48 నెలలని వాటిలో ఉంటుంది. 2024 మార్చి 15 నుంచి వేసిన దరఖాస్తులకు అది 31 నెలలు. 20 ఏళ్ల కాలపరిమితి మారలేదు, కానీ మంజూరు తేదీ నుంచి లెక్కించినవి కనిపిస్తే కొట్టేయండి. దరఖాస్తు తేదీ నుంచే లెక్క.