'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్' నాటకాన్ని ఇప్పటి కాలానికి మార్చి వేయాలా?

ఆస్కార్ వైల్డ్ నాటకాన్ని ఇంగ్లిష్‌లోనే వేస్తున్నామనీ, ప్రేక్షకుల కోసం కథను నేటి లండన్‌కి మార్చాలా అనీ అడిగారు. మార్చకండి, 1895లోనే ఉంచండి. నాయకుడు జాక్ పట్నంలో ఎర్నెస్ట్‌గా, పల్లెలో జాక్‌గా చెలామణి కాగలిగింది, కబురు తెలియాలంటే ఉత్తరమో టెలిగ్రామో రైలు ప్రయాణమో తప్పని రోజులు కాబట్టే. చేతికి ఫోన్ ఇస్తే మొదటి అంకంలోనే గుట్టు రట్టవుతుంది.

ప్రేక్షకులకు దగ్గర చేయాల్సింది నటనతో. ఎర్నెస్ట్ అనే పేరున్నవాడినే పెళ్లాడతానని జాక్ ప్రేమించిన గ్వెండొలెన్ అంటే, ఆమెకది జీవన్మరణ సమస్య. నవ్వించాలనే ఉద్దేశం ముఖంలో కనిపించిందా, రెండో అంకానికి హాలు చల్లబడుతుంది. వైల్డ్ వాక్యాల్లో చమత్కారం చివరి రెండు మూడు మాటల్లో ఉంటుంది. అక్కడ గొంతు దించే అలవాటును మొదటి వారంలోనే మాన్పించండి. నవ్వు పతాకస్థాయికి చేరి దిగడం మొదలవగానే తర్వాతి డైలాగ్ అందుకోవాలి; పూర్తిగా అణిగేదాకా ఆగితే వేగం పడిపోతుంది.

ఇంటర్వెల్ మొదటి అంకం తర్వాతే ఇవ్వండి. రెండో అంకం జాక్, అతని మిత్రుడు ఆల్జెర్నన్ మఫిన్ల కోసం గొడవపడుతుండగా ముగుస్తుంది. మూడో అంకం మొదట్లో గ్వెండొలెన్, జాక్ సంరక్షణలో ఉన్న సిసిలీ కిటికీలోంచి వాళ్లను చూసి, మఫిన్లు తింటున్నారంటే పశ్చాత్తాపపడుతున్నట్టే అనుకుంటారు. మధ్యలో పావుగంట విరామం వస్తే ఆ హాస్యం చచ్చిపోతుంది. తోట సెట్‌ను గదిగా మార్చడానికి ఒక కిటికీ చట్రం, రెండు కుర్చీలు చాలు. బట్లర్ మెరిమన్ చేతే ప్రేక్షకుల ఎదుటే మార్పించండి.

తిండి విషయంలో లెక్క తప్పకూడదు. మొదటి అంకంలో గ్వెండొలెన్ తల్లి లేడీ బ్రాక్‌నెల్ వచ్చేసరికి ఆల్జెర్నన్ తినేసి దోసకాయ శాండ్‌విచ్‌ల పళ్లెం పూర్తిగా ఖాళీ అవ్వాలి. రెండు వేళ్ల వెడల్పున, అంచులు తీసిన పది ముక్కలు పెట్టి, ఏ డైలాగ్ దగ్గర ఏ ముక్క తినాలో స్క్రిప్ట్‌లోనే గుర్తు వేయండి. బ్రెడ్ ఎండితే గొంతుకు అడ్డం పడి మాట రాదు. ముక్కలకు వెన్న రాసి, తెర లేచేదాకా తడిగుడ్డ కప్పి ఉంచాలి. దోసకాయను కాగితంలా తరిగి, ఉప్పు చల్లి నీరు పిండేయాలి. మఫిన్ అంటే మన బేకరీల్లో దొరికే తీపి కప్‌కేక్ కాదు, కాల్చి వెన్న రాసే గుండ్రటి రొట్టె. దొరక్కపోతే చిన్న బన్‌ను అడ్డంగా కోసి వాడండి.

టీ సన్నివేశంలో ఇంకో చిక్కుంది. టీలో చక్కెర మనకు మామూలే కాబట్టి, గ్వెండొలెన్ మీద కోపంతో సిసిలీ ఆమె కప్పులో నాలుగు బిళ్లలు వేయడం మన ప్రేక్షకులకు మర్యాదలా తోచవచ్చు. చక్కెర ఇప్పుడు ఫ్యాషన్ కాదని గ్వెండొలెన్ కాదన్న మాట చివరి వరుసకూ వినపడాలి. తర్వాత ఒక్కో బిళ్లా పట్టకారుతో, పింగాణీ కప్పులో టింగుమని పడాలి. నౌకర్లను ముందే పంపేయకండి. వాళ్లు ఎదుట ఉన్నారనే ఆ ఇద్దరూ కోపాన్ని దిగమింగుకుంటారు.

దుస్తులు చివరి రోజు దాకా రాకపోతే ప్రమాదం. ఆనాటి ఉబ్బు చేతుల గౌనులతో ఇద్దరు ఒకే బల్లమీద ఇరుకుగా కూర్చోలేరు, నడుము బిగించే కార్సెట్ వేసుకుంటే వంగలేరు. మెత్తని సోఫాలు వద్దు, గట్టి కుర్చీలు పెట్టి మూడో వారం నుంచే పొడవాటి పరికిణీలతో రిహార్సల్ చేయించండి.

ఇక హ్యాండ్‌బ్యాగ్. పసిబిడ్డగా తాను అందులో దొరికానని జాక్ చెప్పగానే లేడీ బ్రాక్‌నెల్ విస్తుపోయి అనే మాట అదే. 1952 సినిమాలో ఆ పాత్ర వేసిన ఈడిత్ ఎవాన్స్ ఆ మాటను సాగదీసి పలికిన తీరు అందరికీ గుర్తే, అనుకరణ మాత్రం చిన్నబోతుంది. జాక్ వివరాలు రాసుకుంటున్న ఆమె పెన్సిల్ టక్కున ఆగాలి, తర్వాత మాట నెమ్మదిగా రావాలి. ఆడవాళ్ల పర్సు కాకుండా, పసిబిడ్డ పట్టేంత నల్లటి తోలు సంచి చేయించండి. మూడో అంకంలో, ఒకప్పుడు పొరపాటున ఆ బిడ్డను అందులో పెట్టిన మిస్ ప్రిజమ్ దానిమీద పాత దెబ్బ, అస్తరుమీద మరక, తాళంమీద పొడి అక్షరాలు ఒక్కొక్కటిగా చూసి గుర్తుపడుతుంది. ఆ మూడూ సంచిమీద నిజంగా ఉంటే, ఆమె వేలు దేన్ని వెతుకుతోందో ముందు వరుసలకు కనిపిస్తుంది.