ట్రస్టుకు లాప్‌టాప్‌లు కొనేముందు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ట్రస్టుకు మూడు లాప్‌టాప్‌లకు దాత డబ్బు ఇస్తున్నారని విని చాలా సంతోషమైంది నాన్నా. ఈ నెలలోనే కొనెయ్యాలని తొందరపడుతున్నావు కదా, అందుకే ఫోన్‌లో చెప్పకుండా రాసి పంపుతున్నాను. బెంగళూరులో ఇన్నేళ్లు ఒక ట్రస్టు ఆఫీసు నడిపిన దాన్ని. కొనడానికి డబ్బు ఇచ్చేవాళ్లు దొరుకుతారు గానీ, రిపేరుకు ఇచ్చేవాళ్లు దాదాపు దొరకరు. కాబట్టి ధర అడిగేముందు, మూడేళ్ల తర్వాత ఇది పాడైతే ఎవరు బాగు చేస్తారు, ఎన్ని రోజుల్లో చేస్తారు అని అడుగు. దానికి సూటిగా జవాబు రాకపోతే ఆ లాప్‌టాప్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

షోరూముల్లో ముందు వరసలో పెట్టే సన్నటి, మెరిసే మోడళ్లు ఇళ్లలో వాడుకునేవాళ్ల కోసం చేసినవి. నువ్వు ఆఫీసుల కోసం చేసే రకం చూడు: లెనోవోలో థింక్‌ప్యాడ్, హెచ్‌పీలో ప్రోబుక్, ఎలైట్‌బుక్, డెల్‌లో లాటిట్యూడ్. 2025 నుంచి డెల్ కొత్తవాటికి లాటిట్యూడ్ పేరు తీసేసి డెల్ ప్రో అని పెట్టింది, షాపులో తికమకపడకు. పెద్ద కంపెనీలు వీటిని వేలల్లో కొంటాయి కాబట్టి కీబోర్డు, బ్యాటరీ, స్క్రీన్ లాంటి విడిభాగాలు చాలాకాలం దొరుకుతాయి. ఎలా విప్పాలో, ఏ స్క్రూ ఎక్కడుందో చెప్పే సర్వీస్ మాన్యువల్‌ను ఈ కంపెనీలు తమ వెబ్‌సైట్లలోనే ఉచితంగా పెడతాయి. వీధి చివరి మెకానిక్ కూడా అది చూసి పని చేయగలడు.

మూత, కింది భాగం కలిసే అతుకు (హింజ్) దగ్గర మూత ఎలా కదులుతుందో నీ చేత్తో చూడు. చవక మోడళ్లలో హింజ్ స్క్రూలు ప్లాస్టిక్‌లో దిగేసిన చిన్న ఇత్తడి నట్లలోకి వెళతాయి. రోజుకు పదిసార్లు తెరిచి మూసేసరికి ఆ ప్లాస్టిక్ చిట్లుతుంది. మూత ఎత్తగానే కింది బాడీ మూల కూడా విడిపోయి పైకి లేస్తుంది, ఆ తర్వాత స్క్రీన్ వైరు నలుగుతుంది. పని కోసం బెంగళూరు వచ్చిన రాయలసీమ, పాలమూరు కూలీల పిల్లలు మీ సెంటర్లలో పాఠాలకు ఒక్క లాప్‌టాప్ చుట్టూ పదిమంది మూగుతారు, రేకుల షెడ్డు వేడి, సిమెంటు దుమ్ము సరేసరి. అక్కడ అందం కంటే గట్టిదనం ముఖ్యం.

రామ్ (పని చేసేటప్పుడు లాప్‌టాప్ వాడుకునే మెమరీ) గురించి తప్పకుండా అడుగు. కొన్ని మోడళ్లలో రామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచలేం, చెడితే బోర్డే మార్చాలి. కనీసం ఒక ఖాళీ స్లాట్ ఉన్నది తీసుకో. ఇప్పుడు 8 జీబీతో సరిపెట్టుకున్నా, రేపు చేతిలో డబ్బు ఆడినప్పుడు 16 చేసుకోవచ్చు. ప్రాసెసర్ మీ ఎక్సెల్ షీట్లకు, జూమ్ మీటింగులకు మామూలుది చాలు, దాని గురించి టెన్షన్ పడకు.

వారంటీలో ఆన్‌సైట్ ఒకటి, క్యారీ-ఇన్ ఒకటి ఉంటాయి. క్యారీ-ఇన్ అంటే మీ అమ్మాయిల్లో ఎవరో ఒకరు వైట్‌ఫీల్డ్ నుంచి బస్సెక్కి సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లాలి. ఆ పూట క్లాసు పోయినట్టే, మళ్లీ తెచ్చుకోవడానికి ఇంకో పూట. ఆన్‌సైట్‌లో మనిషే వస్తాడు. మీ పిన్‌కోడ్‌కు వస్తాడో లేదో ముందే రాతపూర్వకంగా అడుగు, ఊరి శివార్లలో ఇది తేడా పడుతుంది. మూడేళ్ల వారంటీలో కూడా బ్యాటరీకి మామూలుగా ఒక్క ఏడాదే ఉంటుంది. కొన్నరోజే సీరియల్ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ తేదీలు సరిచూసుకో. వారంటీ ఖర్చును తర్వాత అడగొచ్చులే అనుకోకు, లాప్‌టాప్ ధరతో కలిపి ఇప్పుడే దాతకు పంపే బడ్జెట్‌లో రాయి. ఒకసారి వివరించి చెబితే కాదనేవాళ్లు తక్కువ.

డబ్బు చాలకపోతే బెంగళూరు కంప్యూటర్ల బజారు ఎస్పీ రోడ్డులో రీఫర్బిష్డ్, అంటే వాడినవాటిని బాగుచేసి అమ్మేవి, తీసుకోవడానికి సంకోచించకు. ఈ ఊళ్లో ఐటీ కంపెనీలు మూడు నాలుగేళ్లకోసారి మార్చేసే ఆఫీసు లాప్‌టాప్‌లు అక్కడికి వస్తాయి. కొత్తదాని ధరలో సగానికే మంచివి దొరుకుతాయి, నాసిరకం కొత్తదాని కంటే ఇదే నాకు ఇష్టం. కాకపోతే షాపులో కూర్చుని ఓపిగ్గా చూసుకోవాలి. నీ ఎదుటే విండోస్ మొత్తం రీసెట్ చేయించు, నీ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి మళ్లీ సెటప్ చేయమను. అప్పుడు ఏదో కంపెనీ పేరు వచ్చి ఆఫీసు ఈమెయిల్ అడిగిందంటే, ఆ లాప్‌టాప్ ఇంకా పాత యజమాని రికార్డుల్లోనే ఉందన్నమాట. షాపతను ఎంత బతిమాలినా తీసుకోకు. స్టార్ట్ అయ్యేటప్పుడు బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లోకి) వెళ్లి పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడు, అడిగితే అదీ వద్దు. బ్యాటరీ రిపోర్ట్ తీయించి డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టే ఛార్జ్), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) పోల్చు. మొదటిది 50,000 ఉండి రెండోది 30,000 ఉంటే బ్యాటరీ అరవై శాతమే మిగిలినట్టు, ధర తగ్గించమను, లేదా కొత్త బ్యాటరీ వేయించు.

ఇంకొకటి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ (కంపెనీ ఇచ్చే అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసర్లలో 8వ తరం, ఆపైది కావాలి. ఐ5-8250యూ అని ఉంటే 8వ తరం, ఐ5-7200యూ అని ఉంటే 7వ తరం. 7వ తరం వాటిని ఇప్పుడు చవగ్గా వదిలించుకుంటున్నారు. విండోస్ బదులు ఉచితంగా దొరికే ఉబుంటు వేసుకుని పిల్లలకు పాఠాలు చూపించడానికైతే బాగానే పనికొస్తాయి, అకౌంట్లు చూసే అమ్మాయికి మాత్రం వద్దు.

బిల్లు ట్రస్టు పేరు మీదే ఉండాలి, నీ పేరు మీద కాదు. సీరియల్ నంబర్లు బిల్లులోనే వేయించి, అదేరోజు ఆస్తుల రిజిస్టర్‌లో ఎక్కించు. ఆడిట్ వేళ బిల్లుల కోసం కాళ్లరిగేలా తిరిగే బాధ తప్పుతుంది. 18 శాతం జీఎస్టీ మీకు తిరిగి రాదు అనుకునే లెక్క వేసుకో.

పిల్లల ఫొటోలు, తల్లిదండ్రుల ఆధార్ కాపీలు వీటిలోనే ఉంటాయి కదా. అందుకే విండోస్ ప్రో ఉన్నది తీసుకుని మొదటిరోజే బిట్‌లాకర్ (లోపలి ఫైళ్లకు తాళం వేసే ఏర్పాటు) ఆన్ చేయించు. ఆ తాళం తెరిచే రికవరీ కీ కాగితం మీద ప్రింట్ తీసి బీరువాలో పెట్టు. బస్సులో లాప్‌టాప్ పోయినా ఆ కుటుంబాల వివరాలు ఎవరి చేతిలోనూ పడకూడదు. వాళ్లు మనల్ని నమ్మి ఇచ్చినవి అవి.

కొటేషన్లు రాగానే మోడల్ నంబరు పూర్తిగా కనబడేట్టు ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. పేరు ఒకటే ఉన్నా చివరి రెండు అక్షరాల్లో రామ్, స్క్రీన్ మారిపోతుంటాయి. నేను చూసి చెప్పేదాకా అడ్వాన్స్ మాత్రం ఇవ్వకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ