పాత చైన్‌సా వంకరగా కోస్తోంది, స్టార్టర్ తాడు వెనక్కి పోవట్లేదు: ఎక్కడ చూడాలి?

మీరు చెప్పినవి మూడు. దుంగ కోస్తుంటే రంపం కుడివైపుకి లాగేస్తోంది, కోసే చోట పొగ వస్తోంది, స్టార్టర్ తాడు లాగి వదిలితే సగం బయటే వేలాడుతోంది. అన్నీ కలిపి చూసి ఇంజన్ పని అయిపోయిందేమో అంటున్నారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకుని, బాగున్న కార్బరేటర్ తీసేసి కొత్తది వేసి డబ్బు తగలేశాను. రంపం మాత్రం అలాగే వంకరగా కోసింది. కోతకీ స్టార్టర్‌కీ సంబంధం లేదు, విడివిడిగా చూడండి. ఏం ముట్టుకునే ముందైనా స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకేయండి, చేతికి గ్లౌజులు వేసుకోండి.

ముందు కింద రాలిన పొట్టు చేతిలోకి తీసుకోండి. పదునున్న చైన్ అయితే చిన్న చిన్న పేళ్ళు రాలతాయి. పిండిలా ఉంటే పదును పోయినట్టే. పదును పోయాక మనం బలంగా నొక్కుతాం, అక్కడే వేడి, పొగ.

ఇక పక్కకి లాగడం. చైన్‌లో పళ్ళు ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ ఉంటాయి కదా. ఒక వైపు పళ్ళు పొట్టిగా అయిపోతే రంపం పొడుగు పళ్ళున్న వైపుకి పోతుంది. నా విషయంలో జరిగింది ఇదే. ఆకురాయి పడుతున్నప్పుడు ఒక వైపు చేయి హాయిగా తిరిగేది, రెండో వైపు ఇబ్బందిగా ఉండేది. హాయిగా ఉన్న వైపు తెలియకుండానే ఎక్కువ అరగదీశాను. వెర్నియర్ పెట్టి కొలిస్తే ఎడమ పళ్ళు కుడివాటికన్నా మిల్లీమీటరు పైనే పొట్టి! అన్నిటికన్నా పొట్టి పన్ను ఏదో వెతికి, మిగతావాటిని దాని పొడవుకి తెచ్చాక గీత గీసినట్టు కోసింది. ఇప్పుడు పన్నుకి ఇన్ని సార్లు అని లెక్కపెట్టుకునే అరగదీస్తున్నాను.

గుండ్రటి ఆకురాయి సైజు చైన్‌ని బట్టి ఉంటుంది. కింద చెప్పే 3/8, .325 అనేవి చైన్ పిచ్, అంటే లింకుల మధ్య దూరం అంగుళాల్లో. చిన్న రంపాల 3/8 లో-ప్రొఫైల్ చైన్‌కి 4 మి.మీ., .325కి 4.8, మామూలు 3/8కి 5.5 సాధారణంగా సరిపోతాయి. అరగదీసే కోణం చాలా చైన్లకి 30 డిగ్రీలు. ప్రతి పన్ను ముందూ ఒక బొడిపె ఉంటుంది, అది పన్ను కొసకన్నా సుమారు 0.65 మి.మీ. కిందుండాలి. పన్ను అరిగే కొద్దీ తేడా తగ్గిపోతుంది, పదునున్నా రంపం చెక్కలోకి దిగదు. అప్పుడు బొడిపెని చదును ఆకురాయితో కాస్త దించాలి. ఎక్కువ దించితే రంపం లటుక్కున పట్టి వెనక్కి ఎగురుతుంది, అది ప్రమాదం.

పళ్ళు సమానంగా ఉన్నా లాగుతుంటే తప్పు బార్‌ది, అంటే చైన్ చుట్టూ తిరిగే పొడుగు పట్టీది. బార్ విప్పి అద్దం మీద అంచుమీద నిలబెట్టండి, ఒక పక్కకి వాలితే అంచులు సమానంగా లేనట్టే. గాడిలో పేరుకున్న మడ్డి గీకేయండి, ఆయిల్ రంధ్రం కూడా పొడవండి, అది మూసుకుపోయినా పొగ వస్తుంది. బిగించి, ప్లగ్ క్యాప్ తిరిగి పెట్టాక, బార్ కొసని తెల్ల కాగితం వైపు పట్టి, దూరంగానే ఉంచి, రేజ్ చేయండి. కాగితం మీద ఆయిల్ చార పడాలి. అన్నట్టు, చైన్ తిరగేసి ఎక్కించినా పొగే తప్ప కోత ఉండదు. ఆ ఘనకార్యం కూడా చేశాను, అరగంట తర్వాతగానీ వెలగలేదు.

ఇప్పుడు తాడు. స్టార్టర్ మూత విప్పి, మూతనే చేతిలో పట్టుకుని తాడు లాగండి. అలా బాగానే వెనక్కి పోతుంటే స్ప్రింగ్‌కి ఏం కాలేదు, మూత సరిగా కూర్చోలేదన్నమాట. పోకపోతే స్ప్రింగ్ టెన్షన్ తగ్గిందో, విరిగిందో. టెన్షన్ పెంచాలంటే పుల్లీ (తాడు చుట్టుకునే చక్రం) అంచు గాడి దగ్గర తాడుని చిన్న మెలికలా బయటకి తీసి, దాన్నే పట్టుకుని తాడు లాగే దిశలో పుల్లీని కొన్ని చుట్లు తిప్పండి. పుల్లీని గట్టిగా పట్టుకుని మెలిక సరిచేసి, తాడుని నెమ్మదిగా లోపలికి పోనివ్వండి. పిడి మూతకి ఆనుకుని నిటారుగా నిలబడాలి. తాడు పూర్తిగా లాగినప్పుడు పుల్లీ ఇంకో అర చుట్టు తిరగాలి. తిరక్కపోతే ఎక్కువ బిగించారు, స్ప్రింగ్ విరుగుతుంది. పుల్లీ పైకి తీయాల్సివస్తే మాత్రం కళ్ళద్దాలు తప్పనిసరి. నా స్ప్రింగ్ అలాగే చెవి పక్కనుంచి రివ్వున ఎగిరింది, దాన్ని మళ్ళీ చుట్టడానికి ఒక పూట పట్టింది.

తాడు లాగితే ఇంజన్ తిరక్కుండా ఉత్తినే వచ్చేస్తుంటే ఇంజన్‌ని పట్టుకొనే చిన్న కొక్కేలు మట్టితో ఇరుక్కున్నాయి, శుభ్రం చేస్తే చాలు. తాడు అసలు కదలకపోతే ప్లగ్ విప్పి లాగి చూడండి. సులువుగా వస్తే లోపల పెట్రోల్ నిండింది. చోక్ తీసేసి నాలుగైదు సార్లు లాగి, ప్లగ్ తుడిచి బిగించండి. ప్లగ్ లేకుండా, స్టార్టర్ మూత తీసి ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే చక్రం) చేత్తో తిప్పినా బిగుసుకునే ఉంటే సైలెన్సర్ విప్పి పిస్టన్ చూడండి. నిలువు గీతలు పడి ఉంటే పాత రంపానికి ఆ ఖర్చు పెట్టడం నాకైతే ఇష్టం ఉండదు. మీరు చెప్పిన లక్షణాలకి అంతదాకా వెళ్ళనక్కర్లేదనిపిస్తోంది. ముందు రెండు వైపుల పళ్ళూ కొలిచి ఎంత తేడా వచ్చిందో చెప్పండి.