లిక్విడ్ కూలర్‌కు పెట్టే పదివేలు యూపీఎస్‌కు పెట్టండి

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా చీమకుర్తి. పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. ఒక్కో పెళ్లికి 8 వేలు వస్తాయి, ముహూర్తాల రోజుల్లో నెలకు ఆరేడు పెళ్లిళ్లు ఉంటాయి. రైజెన్ 7 9700ఎక్స్ ప్రాసెసర్‌తో కొత్త కంప్యూటర్ కట్టిస్తున్నాను. ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ కాకుండా 1.35 లక్షలు అవుతుంది. ఎయిర్ కూలర్ 3,500, లిక్విడ్ కూలర్ 13,500. మన ఎండలకు లిక్విడ్ కూలరే ఉండాలని ఒంగోలు షాపువాళ్లు అంటున్నారు. చేతిలో 70 వేలున్నాయి. 20 మందితో నెలకు 10 వేల చొప్పున 2 లక్షల చీటీ నడుస్తోంది, మూడు నెలలు కట్టాను. ఇప్పుడు 50 వేలు తగ్గించి పాడుకుంటే లక్షన్నర చేతికొస్తుంది. ఇంట్లో నాలుగు సవర్ల బంగారం ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఎయిర్ కూలర్ కొనండి. చీటీ మాత్రం ఇప్పుడు పాడకండి. మీరు కూలర్ గురించే ఎక్కువగా అడిగారు కానీ, మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది చీటీ సంగతే. ముందు కూలర్ విషయం తేల్చి, దాని దగ్గరకు వస్తాను.

మే నెల ఎండకు లిక్విడ్ కూలరే కావాలన్న మాట వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ రెండు కూలర్లూ చేసేది ఒకే పని: ప్రాసెసర్ వేడిని తీసుకెళ్లి గది గాలిలో కలపడం. ఒకటి రాగి గొట్టాలు, అల్యూమినియం రేకుల ద్వారా ఆ పని చేస్తే, రెండోది పంపుతో ద్రవాన్ని తిప్పి రేడియేటర్ ద్వారా చేస్తుంది. గది 40 డిగ్రీలుంటే ఏ కూలరూ ప్రాసెసర్‌ను అంతకన్నా చల్లబరచలేదు. మామూలు మోటార్ సైకిల్ ఇంజిన్‌కు గాలి సరిపోతుంది, గ్రానైట్ రాయి మోసే లారీకి రేడియేటర్ కావాలి. ఇంజిన్ పుట్టించే వేడిని బట్టి ఆ ఏర్పాటు. ప్రాసెసర్‌కూ అదే లెక్క.

మీరు ఎంచుకున్నది తక్కువ వేడి పుట్టించే రకం. దాని రేటింగు 65 వాట్లు, పూర్తి భారం పడినా కంపెనీ పెట్టిన పరిమితి 88 వాట్లు. 95 డిగ్రీలకు చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. 3,500 పెట్టి కొనే మంచి ఎయిర్ కూలర్ ఆ 88 వాట్ల భారంలో, వేసవిలోనూ ప్రాసెసర్‌ను ఆ 95 డిగ్రీలకు చేరనివ్వదు. 170 వాట్ల రైజెన్ 9 9950ఎక్స్ కొంటున్నానని, రాత్రీపగలూ రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా తయారుచేయడం) పెడతానని రాసి ఉంటే నా సమాధానం వేరుగా ఉండేది. అది పూర్తి భారం మీద 230 వాట్ల దాకా లాగుతుంది. అక్కడ పెద్ద లిక్విడ్ కూలర్‌కు అర్థం ఉంది.

ఇక డబ్బు కోణం. ఎయిర్ కూలర్‌లో కదిలే భాగం ఫ్యాను ఒక్కటే. అది పోతే వెయ్యి రూపాయల లోపు ఇంకొకటి తెచ్చి బిగించుకోవచ్చు. లిక్విడ్ కూలర్‌లో ఫ్యాన్లతో పాటు పంపు కూడా ఉంటుంది. గొట్టాల గుండా ద్రవం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. చాలా వాటిలో దాన్ని మళ్లీ నింపే వీలు లేదు. మంచి కంపెనీలు ఐదారేళ్ల వారంటీ ఇస్తాయి, నిజమే. అయితే పంపు ఆగిన రోజే వారంటీ కూలర్ చేతికి రాదు. దాన్ని చెన్నైకో హైదరాబాద్‌కో పంపాల్సి వస్తే, అది తిరిగొచ్చేదాకా మీ పని ఆగుతుంది. వైశాఖంలోనో జ్యేష్ఠంలోనో అలా ఆగితే? నాలుగు పెళ్లిళ్ల పని చేజారితే 32 వేలు పోతాయి. ఏడాది సంపాదనలో ఎక్కువ భాగం కొన్ని నెలల్లోనే వచ్చే వృత్తి మీది. అందుకే ఏది కొన్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇది సీజన్‌లో పాడైతే మర్నాటికల్లా ఒంగోలులో బాగవుతుందా?

చీమకుర్తి కాబట్టి దుమ్ము గురించి కూడా చెప్పాలి. క్వారీలు, కటింగ్ ఫ్యాక్టరీలు, లారీల మధ్య ఉన్న ఊళ్లో కూలర్ రేకుల మధ్య బూడిదరంగు పొర పేరుకుపోతుంది. గాలి ఆడదు, వేడి దిగదు. లిక్విడ్ కూలర్ రేడియేటర్ రేకులు మరీ దగ్గరగా ఉంటాయి కనుక దానికీ ఈ బాధ తప్పదు. గాలి లోపలికి వెళ్లే చోట తీసి కడుక్కునే జాలీలున్న క్యాబినెట్ తీసుకోండి. నెలకోసారి కరెంటు తీసేసి బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, గిర్రున తిరగనిస్తే బేరింగు దెబ్బతింటుంది.

కూలర్‌లో మిగిలిన పదివేలను ఖర్చు చేసేయమనే చెబుతున్నాను, కానీ వేరే చోట. ముందు యూపీఎస్, అంటే కరెంటు పోయినా కంప్యూటర్‌ను కాసేపు నడిపే బ్యాటరీ పెట్టె. 600 వీఏ (యూపీఎస్ సామర్థ్యాన్ని చెప్పే కొలత) రకం సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది, గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్‌కు అది చాలదు. 1,100 వీఏ దగ్గర చూడండి. మిగిలింది రెండో హార్డ్‌డిస్క్‌కు కలపండి. కెమెరా కార్డులోని దృశ్యాలు రెండు చోట్ల కాపీ అయ్యేదాకా కార్డు చెరపకండి. కూలర్ పోతే కొత్తది వస్తుంది. ఒకరింటి తలంబ్రాల దృశ్యాలు పోతే ఏ డబ్బూ తిరిగి తేలేదు, ఆ ఊళ్లో మీకు మళ్లీ పనీ దొరకదు.

ఇప్పుడు చీటీ. నాలుగో నెలలో పాడితే చేతికి 1.5 లక్షలు. కడదాకా ఆగితే, నిర్వాహకుడి కమీషన్ 5 శాతం అనుకుంటే 1.9 లక్షలు. (రిజిస్టర్డ్ చీటీల్లో ఈ కమీషన్‌కు చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి 7 శాతం.) నెలనెలా కట్టే సొమ్ము, పంచుకునే డివిడెండు (పాడినవాళ్లు తగ్గించుకున్న సొమ్ములో సభ్యులకు వచ్చే వాటా) రెండు దారుల్లోనూ దాదాపు ఒకటే. అంటే 16 నెలలు ముందు తీసుకున్నందుకు లక్షన్నర మీద 40 వేలు వదులుకుంటున్నారు. ఏడాదికి సుమారు 20 శాతం వడ్డీ పడినట్టు. పైగా మీకు కావలసింది అంత సొమ్ము కూడా కాదు. ఎయిర్ కూలర్, యూపీఎస్, హార్డ్‌డిస్క్ ఖర్చు కలిపినా చేతిలో ఉన్న 70 వేలు పోను 80 వేలు చాలు.

ఆ 80 వేలకు బ్యాంకులో బంగారం మీద రుణం తీసుకోండి. పది శాతం వడ్డీ అనుకుని, అసలు నెలకు 10 వేల చొప్పున ఎనిమిది నెలల్లో తీర్చేస్తే మొత్తం వడ్డీ మూడు వేలకు అటూ ఇటూ ఉంటుంది. 40 వేలెక్కడ, 3 వేలెక్కడ! నగ తాకట్టు పెట్టడానికి ఇంట్లో వెనకాడతారని తెలుసు. ఈ లెక్క కాగితం మీద వేసి వాళ్ల ముందు పెట్టండి. ఒక షరతు మాత్రం ఉంది: చీటీ 10 వేలు, రుణం 10 వేలు కలిసి నెలకు 20 వేలు కట్టాలి. డివిడెండు వచ్చిన మేరకు చీటీ వాయిదా తగ్గుతుందనుకున్నా బరువు బరువే. కాబట్టి ముహూర్తాలు మొదలయ్యే ముందు కొనండి, సీజన్ ఆదాయంతో ఎక్కువెక్కువ కట్టేయండి. ఆషాఢంలో కొంటే చేతిలో పనుండదు, వాయిదా మాత్రం నిలబడి అడుగుతుంది.

పన్ను సంగతి కొద్దిగా. కంప్యూటర్ మీద జీఎస్టీ 18 శాతం. మీరు సాధారణ పద్ధతిలో జీఎస్టీ నమోదు చేసుకుని ఉంటే అది తిరిగి జమ చేసుకోవచ్చు, లేకపోతే ఖర్చే. బిల్లులో ప్రాసెసర్, కూలర్, యూపీఎస్ విడివిడిగా, సీరియల్ నంబర్లతో రాయించుకోండి. మొత్తం కలిపి ‘కంప్యూటర్ ఒకటి’ అని రాసిచ్చిన బిల్లుతో కూలర్ వారంటీ అడగడం కష్టమవుతుంది.