గోడ మీద బోర్డు లేదు.. కూలి బకాయి వస్తుందా?

ప్రశ్న: మా అమ్మ ఎనిమిదేళ్లుగా ఒక జీడి పరిశ్రమలో పప్పు పొట్టు తీస్తోంది. కిలోల లెక్కన కూలి. అక్కడ ఏ నోటీసూ అంటించలేదు. ప్రభుత్వ రేటు అంతకన్నా ఎక్కువని ఈమధ్యే తెలిసింది. అడిగితే యజమాని అందరి ముందూ అవమానించారు. తూకం చీటీలు పారేశాం. పాత తేదీలతో నోటు పుస్తకం రాసుకోమంటున్నారు తెలిసినవాళ్లు. బోర్డు పెట్టనందుకు నష్టపరిహారం వస్తుందా? – ఒక పాఠకురాలు, పలాస

జవాబు: రాదు. కనీస కూలి, చెల్లింపుల నియమాలు చెప్పే కేంద్ర చట్టమైన వేతన కోడ్ 50వ సెక్షన్ ప్రకారం చట్టం సారాంశం, తరగతుల వారీ వేతన రేట్లు, కూలి ఇచ్చే రోజు, సమయం, కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్ పేరు, చిరునామా అందరికీ కనిపించేచోట పెట్టాలి. పెట్టకపోతే రూ.20 వేల దాకా జరిమానా. అది ప్రభుత్వానికి పోతుంది. పైగా కేసు పెట్టే ముందు సరిదిద్దుకోవడానికి యజమానికి గడువివ్వాలి. మీరు బోర్డు గురించే ఫిర్యాదు చేస్తే వారంలో బోర్డు వెలుస్తుంది, ‘ఎప్పటినుంచో ఉంది’ అంటారు.

మీకు డబ్బు తెచ్చేది కూలిలో తేడా. కిలో రేటు విడిగా నిర్ణయించని పనికి, కిలోల కూలి ప్రభుత్వ రోజు రేటుకు తగ్గకూడదు. ఇక తేల్చాల్సింది గడువు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్‌లో క్లెయిముకు మూడేళ్లు. అంతకుముందున్న కనీస వేతనాల చట్టంలో ఆరు నెలలే, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు. బోర్డు లేకపోవడం పనికొచ్చేది ఇక్కడే. రేటు తెలిసే దారి లేదన్నదే ఆ కారణం. కాబట్టి పాత నెలల బకాయికి ఆలస్య మన్నింపు పిటిషన్ కలిపి వేయండి. ఎనిమిదేళ్లదీ వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

తూకం చీటీలు పారేయడం పెద్ద పొరపాటు. తేదీ, కిలోలు, గుమస్తా పొడి సంతకం ఉన్న ఆ కాగితమే అసలు సాక్ష్యం. అలాగని నోటు పుస్తకం మాత్రం రాయకండి. ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి, పండగ రోజు కూడా హాజరు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో పది నిమిషాల్లో బయటపడుతుంది. దొంగ సాక్ష్యం నేరం, అసలు క్లెయిమూ దాంతోపాటే మునుగుతుంది. దాని అవసరం కూడా లేదు. కూలి చెల్లించానని రుజువు చేసుకోవాల్సింది వేతన కోడ్ 59వ సెక్షన్ ప్రకారం యజమానే. అమ్మగారు అక్కడ పని చేశారని మీరు చూపితే చాలు. పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్‌ఐ కార్డు, బ్యాంకు లేదా ఫోన్ పేలో పడిన కూలి, తోటి పనివాళ్ల అఫిడవిట్లు, ఏది దొరికితే అది. ఇకమీదట ప్రతి చీటీనీ ఇంటికొచ్చిన రోజే ఫొటో తీయండి.

ఫిర్యాదుకు ముందే, పనికి వెళ్లినప్పుడు అమ్మగారు గేటు, తూకం గది, హాజరు వేసే చోటు గోడలు తేదీ పడేలా ఫొటోలు తీయాలి. తర్వాత సమాచార హక్కు చట్టం కింద ఆ పరిశ్రమ తనిఖీ నివేదికల నకళ్లు కార్మిక శాఖను అడగండి, జవాబుకు గడువు 30 రోజులు. ఏటా ఏప్రిల్, అక్టోబర్‌లలో కరువు భత్యం మారుతుంది కాబట్టి తేడాను ఆరేసి నెలలకు విడగొట్టి లెక్కగట్టి, శ్రీకాకుళం కార్మిక శాఖ కార్యాలయంలో క్లెయిమ్ వేసి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. తేల్చిన మొత్తానికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం క్లెయిమును విచారించే అథారిటీకి ఉంది.

ఈలోగా ‘లెక్క తేలిపోయింది’ అని సంతకం అడుగుతారు. హక్కు వదులుకునే ఒప్పందం 60వ సెక్షన్ ప్రకారం చెల్లదు. అయినా పెట్టొద్దు, పెడితే ఆ కాగితం చెల్లదని తేల్చడానికే నెలలు పోతాయి.