గట్టు మట్టి వానకి కొట్టుకుపోతోంది, జియోగ్రిడ్ పరిస్తే ఆగుతుందా? పర్యావరణానికి నిజంగా మేలేనా?

పైమట్టి కొట్టుకుపోవడమే మీ బాధైతే జియోగ్రిడ్ కొనకండి. అది గట్టి ప్లాస్టిక్ వల, దాని గళ్లు రెండు మూడు సెంటీమీటర్లుంటాయి. అంత సందులోంచి వాన నీరు మట్టిని ఇట్టే లాక్కుపోతుంది. ఆ పనికి కొబ్బరిపీచు వల ఉంది. వాలు చదును చేసి, గట్టు నెత్తిన 30 సెం.మీ. లోతు కాలువ తీసి, వల అంచు అందులో దింపి పూడ్చాలి. తర్వాత పైనుంచి కిందికి దొర్లిస్తూ మీటరుకో పిన్ను కొట్టాలి. వల మట్టిని అంటుకునే ఉండాలి, ఎక్కడ పైకి లేస్తే అక్కడ నీరు కింద దూరి పాయ చేస్తుంది. గరికో వట్టివేరు పిలకలో తొలకరికే నాటండి. పీచు రెండు మూడేళ్లలో కుళ్లిపోతుంది, ఆలోపు వేళ్లు పట్టేయాలి. ఇదేమీ కొత్త ప్రయోగం కాదు. 2020లో గ్రామీణ సడక్ యోజన కింద ఏడు రాష్ట్రాల్లో 1,674 కి.మీ. రోడ్లకు కొబ్బరిపీచు వస్త్రం మంజూరు చేశారు, అందులో ఆంధ్రకు 164, తెలంగాణకు 121.

జియోగ్రిడ్ ఉండాల్సింది మట్టి లోపల, ముఖ్యంగా రోడ్డు కంకర కింద. కంకర రాళ్లు గళ్లలో ఇరుక్కుని పక్కలకు జారకుండా నిలబడతాయి, అందుకే తక్కువ మందంతోనే రోడ్డు బరువు మోస్తుంది. పర్యావరణ లాభమంతా ఆ తగ్గిన మందంలోనే ఉంది. 4 మీటర్ల వెడల్పు, ఒక కిలోమీటరు రోడ్డుకు 10 సెం.మీ. తగ్గితే 400 ఘనపు మీటర్ల కంకర మిగిలినట్టు. రోలరు తిప్పకముందు వదులుగా ఉన్న కంకర లెక్కలో 500 దాటుతుంది, అంటే యాభైకి పైగా టిప్పర్లు. అంత మేర కొండ పగలదు, డీజిల్ కాలదు. బదులుగా చదరపు మీటరుకు 250 గ్రాముల వలైనా సరే, అతుకులతో కలిపి టన్నుకు పైగా ప్లాస్టిక్ భూమిలో ఉండిపోతుంది. ఈ బేరం నాకు సమ్మతమే, కానీ మందం నిజంగా తగ్గించినప్పుడే. ఎస్టిమేట్లో కంకర పాత మందమే ఉంచి, పైన ‘పర్యావరణ హితం’ అని జియోగ్రిడ్ చేర్చే పద్ధతి చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇక పని చెడేది పరిచేటప్పుడే. నల్లరేగడి మీద వల వదులుగా దొర్లిస్తారు. టిప్పరు నేరుగా దానిమీదికి వెనక్కొచ్చి, బండి తిప్పి, కంకర ఒకేచోట గుట్టగా దించుతుంది. గ్రేడరు తోస్తుంటే వల ముందు అలలా లేస్తుంది. ఆ మడత మీదే రోలరు తిప్పేస్తారు. మడత ఉన్న వల సాగి బిగుసుకునేదాకా బరువు మోయదు, అప్పటికే చక్రాల గాడి పడిపోతుంది. కాబట్టి లాగి బిగించి పిన్నులు కొట్టాలి, కంకర అంచు నుంచి ముందుకు తోసుకుంటూ పోవాలి, వల మీద కనీసం 15 సెం.మీ. పడ్డాకే బండి ఎక్కాలి. ఒక చుట్ట మీదికి ఇంకోటి ఎక్కే అతుకు మామూలు నేలలో 30 సెం.మీ., మెత్తటి నేలలో 60, బురద నేలలో 90 దాకా. ముందు చుట్ట చివర పైనా, తర్వాతి చుట్ట మొదలు కిందా ఉండాలి. తిరగేస్తే తోసే కంకరే అతుకు విప్పేస్తుంది.

బంకమట్టి పైకి పొంగి కంకరలో కలవడాన్ని జియోగ్రిడ్ ఆపలేదు, దాని కింద నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ (నేయని జియోటెక్స్‌టైల్) వేయాల్సిందే. రేగడి ఉబ్బడాన్నీ ఆపలేదు. దానికి పక్క కాలువలు కావాలి.

ఎత్తు గట్లకు ఇంకో లాభం ఉంది. 5 మీటర్ల గట్టుకు 2:1 వాలైతే (ఎత్తుకు రెండింతలు అడ్డం) ఒక్కో పక్క 10 మీటర్లు పోతాయి. లోపల పొరలు పొరలుగా జియోగ్రిడ్ పెట్టి 1:1 చేస్తే ఐదే. రెండు పక్కలా కలిపి కిలోమీటరుకు హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాల పొలం మిగులుతుంది. ఒక దిశలోనే బలమున్న వలైతే ఆ బలమైన దిశ వాలు అంచు నుంచి గట్టు లోపలికి పోవాలి, గట్టు పొడవునా కాదు. లోపలి నీరు బయటికి పోయే దారీ ఉండాలి. లేదంటే ఎన్ని పొరలు పెట్టినా జారుతుంది.

చుట్ట విప్పాక ఎండలో వారాల తరబడి వదలొద్దు. మిగిలిన ముక్కల్ని రోడ్డు పక్కన తగలబెడుతుంటారు, అదీ మానాలి. కాస్త పెద్ద ముక్కలైతే తర్వాత కల్వర్టు దగ్గర గుంత పూడ్చేటప్పుడు కంకర కింద పనికొస్తుంది.